ఎండు నీళ్ళు

మర్రిగూడ దాటినంక జోగిరెడ్డి పటేలు చెలకల
మా మేనమామ పల్లపు నాగులు తవ్విన బావి అది.
గజానికింత అని గుత్త.
నీళ్ళు పడకుంటే సగమే ఇస్తరు.

మొదట ఎర్రమన్ను, మెత్తగ.
దాని కింద మొరం, గడ్డపార ఏస్తే చేతుల్నే తిరిగి కొట్టే మొరం.
ఆ తర్వాత బండ, బండ కింద బండ.
ఇరవై రెండో గజంల అది పగిలి
బర్రె నడుమంత లావు తెల్లటి తీగె తేలింది.

నాకు పదకొండేండ్లు. గంపలు పైకి గుంజే మోకు కాడ నా పని.
ఒక్కో గంపల ఒక్కో వింత వచ్చేది.
పలుగురాయి, గడ్డపెరుగు లెక్క.
ఇంకోటి గులాబి రంగుది, కత్తి పెట్టి కోసినట్టు చదునుగ పగులుతది,
పింగాణి గిన్నెల ఫ్యాక్టరీకి కొంటరని లారీ డ్రైవర్ చెప్పిండు.
కాకిబంగారం పొరలు పొరలు. గోరుతోని ఇప్పుకుంట ఇప్పుకుంట
ఎక్కడ ఆగాల్నో తెలువక ఒక పగలంత గడిచిపోయింది నాకు.
నల్లటి కడ్డీలు, నిలువు గీతలు, కాలిన చెరుకు గడల్లెక్క,
ముట్టుకుంటే మసి అంటదు.
దానిమ్మ గింజలంత ఎర్ర రాళ్ళను మా అక్క బాలకిష్టమ్మ ఏరి
కొంగున కట్టుకుంది, ఓనగుంటల ఆటకు.

ఒకనాడు కింద నుంచి మామ అరుపు:
"పడ్డయ్ రా! నీళ్ళు పడ్డయ్!"
పైన అందరం బోర్లపడి చూసినం.
బండ సందుల, చీకట్ల, లేత నీలంగ ఏదో మెరుస్తుంది.
మామ వంగి నాలిక పెట్టిండు.
ఎండుగుంది.
రాయి. ఆరు పలకల రాయి, బొటనవేలంత.
పక్కన ఇంకోటి, చిటికెన వేలంత.
సల్లగున్నదట. నీళ్ళ గుణాలల్ల
అదొక్కటే దానికొచ్చింది.

దేవరకొండ నుంచి రాళ్ళ సేటు వచ్చిండు,
కంటికి భూతద్దం బిగిచ్చుకొని.
మూడొందలు చేతుల పెట్టి పెద్దది జేబులేసుకుండు.
చిన్నదాన్ని ఎండకు పట్టి
"లోపల గీతలున్నయి, సన్నగ, పొడుగున. రేటు రాదు" అన్నడు.
మామ శానసేపు చూసిండు.
"గీతలు గావు. వాన పడుతుంది లోపల."
సేటు నవ్విండు. వానకు రేటు లేదు.

ఇంకో ఏడు గజాలకు నిజం నీళ్ళు పడ్డయి.
కొబ్బరికాయ కొట్టినం. తియ్యగున్నయి.
పదేండ్లు తాగినం ఆ తియ్యదనాన్ని.
అక్క పండ్లు ఇటుకరంగుకు తిరిగినయి.
మామ మెడ ముందుగాల ఒక పక్కకు తిరుగుడు బందైంది,
తర్వాత రెండో పక్కకు.
వీపు గడ్డపార లెక్క బిగుసుకుంది.

నల్లగొండ కాలేజీల ఒక సారు చెప్పిండు:
భూమి సల్లబడ్డప్పుడు గ్రానైటుల
ఎవరి జాగ వాళ్ళకు దొరికిందట.
ఎందుల పట్టనియి, మరీ చిన్నయి, మరీ ఏరుపడ్డయి
ఆఖరి వేడి నీళ్ళల్ల కలిసి
సందులు ఎతుక్కుంట పోయినయట.
అక్కడ తీరిక ఉంది, చోటుంది. నింపాదిగ పెరిగినయి.
అందుకే అంత పెద్దగ, అంత సక్కగ.
మా వడ్డెర గుడిసెలు ఊరి అవతలనే ఎందుకున్నయో
సారు చెప్పలే. నేను అడగలే.
ఫ్లోరిన్ కూడ ఆ గుంపులదే అన్నడు.
అంటే నీలం రాయి, మామ మెడ
ఒక్క బంతిల కూసున్నయన్నట్టు.

ఇప్పుడు నల్లాల కృష్ణ నీళ్ళొస్తున్నయి.
మొన్న తంబాకు డబ్బీలకెల్లి చిన్నరాయి తీసి గాజు గ్లాసులేస్తే
గరుకు పోయింది, అంచులు పోయినయి,
నీళ్ళల్ల కొంచెం చిక్కటి నీళ్ళు మిగిలినయి.
మామ వంగలేడు. గ్లాసును ఆయన కండ్ల ఎత్తుకు పట్టిన.
చూసిండు. వేళ్ళు ముంచి రాయిని తీసి
చెవి దగ్గర పెట్టుకొని గోరుతోని టక్కుటక్కున కొట్టిండు,
బండ మీద సుత్తె ఏసి వినేటోని లెక్క, కండ్లు మూసి.

"ఇంక రెండు గజాలు" అన్నడు.
"మోకు గట్టిగున్నదా చూడు."